.32 రౌండ్ల డబ్బా మీద అంకెలు చదవడం ఎలా: వెలాసిటీ, ఎనర్జీ, ప్రెషర్ లెక్కలు

మన ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జైపూర్ వైపు లైసెన్స్ గన్ ఉన్నోళ్లు ఎవరంటే రిటైరైన ఫౌజీ మామయ్యలు, రైస్ మిల్లు ఓనర్లు, క్యాష్ పట్టుకుని తిరిగే కాంట్రాక్టర్లు, ఈమధ్య షూటింగ్ స్పోర్ట్ అని మొదలెట్టిన కుర్రాళ్లు కొందరు. వీళ్లందరూ గన్ హౌస్ కౌంటర్ దగ్గర అడిగేది ఒకటే, "దీని పవర్ ఎంత బాబూ?" అని. పవర్ అనే అంకె ఏ రౌండ్ల (తూటాల) డబ్బా మీదా ఉండదండి. చూడాల్సినవి మూడు వేరే వేరే అంకెలు: వెలాసిటీ, ఎనర్జీ, ప్రెషర్. మొదటి రెండూ బుల్లెట్ గురించి చెప్తాయి, మూడోది మీ గన్ గురించి, అంటే మీ గన్ ఎంత తట్టుకోవాలి అనేది. ఈ మూడూ కలిపేసి చదివితే అన్నీ తప్పుగానే అర్థమవుతాయి, అందుకే ఒక్కొక్కటి విడదీసి వరసగా ఎలా చదవాలో రాస్తున్నా. క్యాలిక్యులేటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి చాలు, పదో క్లాసు ఫిజిక్స్ గుర్తుంటే ఇంకా మంచిది.

ముందే ఒక మాట. ఇది లైసెన్స్ ఉండి, ఫ్యాక్టరీ గన్‌లో ఫ్యాక్టరీ రౌండ్ వాడేవాళ్ల కోసం మాత్రమే. నాటు తుపాకులకి, నాటు రివాల్వర్లకి ఇందులో ఏ లెక్కా పనికిరాదు, ఎందుకంటే ఆ ఇనుము ఎంత ప్రెషర్ తట్టుకుంటుందో దాన్ని చేసినోడికి కూడా తెలీదు. ఇంట్లో రౌండ్లు రీలోడ్ చేసుకోవడం మన దేశంలో లైసెన్స్ లేకుండా కుదరదు, దాని జోలికి నేను పోవట్లేదు.

స్టెప్ 1: మీది ఏ .32 అన్నది తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్ ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తా, ఓపిగ్గా చదవండి.

మన దేశంలో 9 ఎంఎం, .38, .45 ఇవన్నీ ప్రొహిబిటెడ్ బోర్ కిందకి పోతాయి, మామూలు పౌరుడికి దొరకవు. కాబట్టి హ్యాండ్‌గన్ అంటే మనకి దాదాపుగా .32 అనే అర్థం. ఇబ్బంది ఏటంటే .32 అని పిలిచే రౌండ్ ఒకటి కాదు. లైసెన్స్ బుక్కులో ".32 రివాల్వర్" అని ఉంటే అది మామూలుగా .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ రౌండ్, 1896లో వచ్చినది, అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, కేసు (మందు ఉండే లోహపు గొట్టం) పొడవు 23 మిల్లీమీటర్లు దాటుతుంది. ".32 పిస్టల్" అని ఉంటే అది .32 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్), జాన్ బ్రౌనింగ్ 1899లో ఆటోమేటిక్ పిస్టల్ కోసం చేసినది, దీన్నే 7.65 ఎంఎం అని కూడా అంటారు, కేసు పొడవు 17 మిల్లీమీటర్లు పైచిలుకు, అంచు చాలా కొంచెమే బయటికి ఉంటుంది. కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్ మొదటి రకానికి, అశని పిస్టల్ రెండో రకానికి. రెండిట్లోనూ బుల్లెట్ లావు దాదాపు ఒకటే, అందుకే రెండిటికీ .32 అనే పేరు.

ఇప్పుడు అసలు డేంజర్ ఎక్కడంటే, పొట్టిగా ఉన్న ఏసీపీ రౌండ్ చాలా .32 లాంగ్ రివాల్వర్ల సిలిండర్‌లో (రౌండ్లు పెట్టే, తిరిగే డ్రమ్ములో) దూరిపోతుంది, ఆ కొంచెం అంచుతోనే నిలబడుతుంది కూడా, ట్రిగ్గర్ నొక్కితే పేలొచ్చు కూడా. "దూరింది కదా, సరిపోయింది" అనుకుంటారు జనం. కానీ అమెరికా స్టాండర్డ్ ప్రకారం .32 లాంగ్‌కి ప్రెషర్ పైగీత, అంటే దాటకూడని హద్దు, 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని), .32 ఏసీపీకి 20,500 పీఎస్ఐ. అంటే 15,000 తట్టుకోడానికి చేసిన పాత రివాల్వర్ మీద మూడోవంతు పైనే ఎక్కువ బరువు పెట్టినట్టు. కొత్త గట్టి రివాల్వర్ అయితే ఆ రోజుకి ఏం కాకపోవచ్చు, తాతల నాటి ఇంగ్లిష్ రివాల్వర్ అయితే సిలిండర్ గోడ చీలొచ్చు. గన్‌లో దూరడం వేరు, గన్‌కి సరిపోవడం వేరు అండి.

ఇంకో రకం కూడా ఉంది, .32 ఎస్ అండ్ డబ్ల్యూ అని లాంగ్ అనే మాట లేకుండా, జనం షార్ట్ అంటారు. తాతగారి పెట్టెలోంచి బయటపడ్డ బుల్లి రివాల్వర్లు కొన్ని దీనికి చేసినవే.

అందుకని చేయాల్సింది ఏంటంటే: గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ మీదో ఫ్రేమ్ మీదో కొట్టిన అక్షరాలు చదవండి, లైసెన్స్ బుక్కులో రాసినది చదవండి, రౌండ్ అడుగున కొట్టిన అక్షరాలు చదవండి. ఆ అడుగు ముద్రని హెడ్‌స్టాంప్ అంటారు. మన దేశం రౌండ్ అయితే చాలాసార్లు అక్కడ కేఎఫ్ అని ఉంటుంది, అంటే కిర్కీ ఫ్యాక్టరీ, పుణె దగ్గర ఖడ్కీలో 1869లో పెట్టిన అమ్యునిషన్ ఫ్యాక్టరీ, 2021 అక్టోబర్ నుంచి అది మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. మూడూ ఒకే పేరు చెప్తేనే ముందుకెళ్లండి. గన్ మీద అక్షరాలు అరిగిపోయాయంటే అర్థమైనట్టు నటించకుండా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కి చూపించండి. షాపు కుర్రాడు "రెండూ ఒకటే అంకుల్" అన్నాడంటే ఆ షాపులో కొనకపోవడం మంచిది.

స్టెప్ 2: బుల్లెట్ బరువుని గ్రాముల్లోకి మార్చుకోండి

డబ్బా మీద 71 గ్రెయిన్, 98 గ్రెయిన్ ఇలా ఉంటుంది. గ్రెయిన్ అంటే మందు కాదు, పౌడర్ కాదు, అది పాతకాలం బరువు కొలత. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు, అంటే ఒక గ్రాముకి 15.43 గ్రెయిన్లు. ఇంకోటి గమనించండి, అది ముందు ఎగిరిపోయే సీసం ముక్క బరువు మాత్రమే, మొత్తం రౌండ్ బరువు కాదు. ఏసీపీలో మామూలుగా వచ్చే 71 గ్రెయిన్ అంటే 4.6 గ్రాములు, లాంగ్‌లో వచ్చే 98 గ్రెయిన్ అంటే 6.35 గ్రాములు. అంతే ఈ స్టెప్.

స్టెప్ 3: వెలాసిటీ చదివే ముందు ఏ బ్యారెల్‌లో కొలిచారో అడగండి

వెలాసిటీ అంటే బుల్లెట్ వేగం, సెకనుకి ఎన్ని అడుగులు అని ఎఫ్‌పీఎస్‌లో రాస్తారు, యూరప్ డబ్బాల మీద సెకనుకి ఎన్ని మీటర్లు అని ఉంటుంది. అడుగుల అంకెని 0.3048తో గుణిస్తే మీటర్లు వస్తాయి. .32 ఏసీపీ 71 గ్రెయిన్ బుల్లెట్ 900 ఎఫ్‌పీఎస్ అటూఇటూగా, అంటే సెకనుకి 275 మీటర్లు. .32 లాంగ్ 98 గ్రెయిన్ బుల్లెట్ 700 ఎఫ్‌పీఎస్ పైచిలుకు, 215 మీటర్లు అనుకోండి. రెండూ ధ్వని కంటే తక్కువే, గాలిలో ధ్వని సెకనుకి 340 మీటర్ల చిల్లర పోతుంది కదా.

ఇప్పుడు చిక్కేంటంటే ఆ అంకె మీ గన్‌లో కొలిచినది కాదు. కంపెనీవాళ్లు టెస్ట్ బ్యారెల్ అని ఒకటి బిగించి దాంట్లోంచి పేల్చి, మూతి దగ్గర కాకుండా కొంచెం ముందు, అమెరికా పద్ధతిలో అయితే 15 అడుగుల దూరంలో కొలుస్తారు. ఆ టెస్ట్ బ్యారెల్ పొడవు మీ గన్ బ్యారెల్ పొడవు కాకపోవచ్చు, పొడవు తగ్గితే గ్యాస్‌కి బుల్లెట్‌ని తోసే దారి తగ్గుతుంది, వేగం కూడా తగ్గుతుంది. రివాల్వర్ అయితే ఇంకో లీకేజీ కూడా ఉంది, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్న సందు ఉంటుంది చూడండి, కొంత గ్యాస్ అందులోంచి పక్కకి కొడుతుంది, అందుకే రివాల్వర్ పట్టుకున్నప్పుడు వేళ్లు ఆ సందు దగ్గర పెట్టకూడదు అంటారు. రివాల్వర్ రౌండ్లని కొలవడానికి కంపెనీలు సందు ఉన్న టెస్ట్ బ్యారెల్ వాడతాయి, వెంటెడ్ అని రాస్తారు.

అన్నిటికన్నా పెద్ద తికమక .22 దగ్గర వస్తుంది. .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్ అనే చిన్న రౌండ్) డబ్బా మీద 1,070 ఎఫ్‌పీఎస్ అని చూసి "మా .32 కంటే ఫాస్ట్" అనుకుంటారు, ఆ అంకె అమెరికా స్టాండర్డ్‌లో 24 అంగుళాల రైఫిల్ బ్యారెల్‌లో కొలిచినది. అదే రౌండ్ 5 అంగుళాల పిస్టల్‌లో ఆ వేగం ఇవ్వదు. కాబట్టి రెండు రౌండ్ల వేగాలు పోల్చాలంటే ముందు రెండిటి టెస్ట్ బ్యారెల్ పొడవు పోల్చండి, అది రాసిలేదంటే ఆ పోలిక పక్కన పెట్టేయండి.

స్టెప్ 4: ఎనర్జీ మీరే లెక్కేసుకోండి, డబ్బాని నమ్మకండి

నమ్మకండి అంటే డబ్బా అబద్ధం చెప్తుందని కాదు. ఎనర్జీ అనేది ఎవరూ మిషన్ పెట్టి కొలిచింది కాదు, బరువూ వేగం రెండిట్లోంచి లెక్కేసిన అంకె. అందుకని వేగం అంకె మీ గన్‌ది కాకపోతే ఎనర్జీ అంకె కూడా మీ గన్‌ది కాదు, పైగా తప్పు రెట్టింపు అవుతుంది, ఎందుకో చూడండి.

లెక్క చాలా ఈజీ. గ్రాముల్లో బరువు తీసుకోండి, వేగాన్ని వేగంతోనే గుణించండి, రెండూ గుణించి 2,000తో భాగించండి, జౌల్స్ వస్తాయి. ఏసీపీకి వేద్దాం: 275ని 275తో గుణిస్తే 75,625, దాన్ని 4.6తో గుణించి 2,000తో భాగిస్తే 174 జౌల్స్ దగ్గర. లాంగ్‌కి: 215 ఇంటూ 215 అంటే 46,225, దాన్ని 6.35తో గుణించి 2,000తో భాగిస్తే 147 జౌల్స్ దగ్గర. అమెరికా డబ్బాల మీద ఫుట్ పౌండ్స్ ఉంటుంది, ఒక ఫుట్ పౌండ్ అంటే 1.356 జౌల్స్. నేరుగా గ్రెయిన్, ఎఫ్‌పీఎస్‌తోనే చేయాలంటే గ్రెయిన్‌ని వేగం స్క్వేర్‌తో గుణించి 4,50,437తో భాగించండి, ఏసీపీకి 128 వస్తుంది.

వేగం స్క్వేర్ అవుతోంది కాబట్టి మీ గన్ బ్యారెల్ పొట్టిదై వేగం 10 శాతం తగ్గిందనుకోండి, ఎనర్జీ 10 కాదు 19 శాతం తగ్గుతుంది, 174 కాస్తా 141 అయిపోద్ది. డబ్బా మీద అంకె చూసి గొప్పలు పోయేవాళ్లకి ఈ ఒక్క లెక్క వేసి చూపించండి.

మరి ఎనర్జీ ఎక్కువైతే రౌండ్ మంచిదా? ఇక్కడ నా అభిప్రాయం చెప్తా. పోల్చడానికి ఎనర్జీ ఒక మోస్తరు అంకె, అంతకుమించి దాని మీద భారం వేయకండి. ఉదాహరణకి పోలీసులూ ఆర్మీ వాడే 9 ఎంఎం తీసుకోండి. 115 గ్రెయిన్ బుల్లెట్ 1,180 ఎఫ్‌పీఎస్‌లో పోతే 355 ఫుట్ పౌండ్స్, 124 గ్రెయిన్ 1,150లో పోతే 364, 147 గ్రెయిన్ 990లో పోతే 320. బరువు పెరిగింది, వేగం తగ్గింది, ఎనర్జీ అటూఇటూ అక్కడక్కడే తిరుగుతోంది. ఇప్పుడు దాని పక్కన .45 ఏసీపీ పెట్టండి, 230 గ్రెయిన్, 850 ఎఫ్‌పీఎస్, 369 ఫుట్ పౌండ్స్. ఎనర్జీ చూస్తే 9 ఎంఎంకీ .45కీ తేడా లేనట్టే. కానీ రెండూ కాల్చినోళ్లని అడగండి, చెయ్యి వెనక్కి తన్నేది రెండిట్లో ఒకేలా ఉండదు అంటారు. ఎందుకంటే చేతికి తగిలేది ఎనర్జీ కాదు, మొమెంటం, అంటే బరువు ఇంటూ వేగం, స్క్వేర్ లేకుండా. గ్రెయిన్ ఇంటూ ఎఫ్‌పీఎస్ వేసి 1,000తో భాగిస్తే 9 ఎంఎం 115 గ్రెయిన్‌కి 135, .45కి 195 వస్తుంది. ఐపీఎస్‌సీ అనే అంతర్జాతీయ షూటింగ్ సంఘం పోటీల్లో పవర్ ఫ్యాక్టర్ అని వాడేది ఈ లెక్కనే. అదే లెక్క మన .32లకి వేస్తే ఏసీపీకి 64 దగ్గర, లాంగ్‌కి 69 దగ్గర. చూశారా, ఎనర్జీలో ఏసీపీ ముందు, మొమెంటంలో లాంగ్ ముందు. మరి "ఏది పవర్‌ఫుల్" అని అడిగితే ఏం చెప్పాలి? అందుకే ఆ ప్రశ్నే వేస్ట్ అంటా నేను.

అసలు మన .32లు కాగితం మీద చిన్న అంకెలే. కానీ చిన్న అంకెలంటే బొమ్మ తుపాకీ అని కాదు. .22 డబ్బాల మీదే మైలు, మైలున్నర దూరం దాకా ప్రమాదం అని వార్నింగ్ రాసి ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చే వీరులు ఇది చదవాలి, 2019లో ఆర్మ్స్ యాక్ట్ మార్చాక సంబరాల కాల్పులకి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా ఫైన్, లేదా రెండూ. పైకి పోయిన సీసం ఎక్కడో ఒకచోట ఎవడి నెత్తి మీదో దిగాల్సిందే కదా.

స్టెప్ 5: ప్రెషర్ అంకెని మార్కులు అనుకోకండి, అది పైగీత

ట్రిగ్గర్ నొక్కగానే ప్రైమర్ (రౌండ్ అడుగున ఉండే నిప్పు బిళ్ల) నిప్పు పౌడర్‌కి అంటుకుని గ్యాస్ పుట్టి, సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా ప్రెషర్ శిఖరానికి పోయి, బుల్లెట్ కదిలేకొద్దీ దిగిపోతుంది. ఆ శిఖరం ఎంత దాటకూడదు అన్నదే డబ్బా వెనకున్న స్టాండర్డ్. కారు టైరులో 32 పీఎస్ఐ గాలి పెడతాం కదా, .32 ఏసీపీ చాంబర్‌లో (గన్‌లో రౌండ్ కూర్చునే గదిలో) ఆ క్షణానికి దానికి ఆరు వందల రెట్లు పైన ఉండొచ్చు. అది మీ ముఖానికి రెండడుగుల దూరంలో జరుగుతోంది, గుర్తుపెట్టుకోండి.

స్టాండర్డ్‌లు పెట్టేవాళ్లు ప్రధానంగా ఇద్దరు. అమెరికాలో సామీ, 1926లో పెట్టిన కంపెనీల సంఘం, దాని రూల్స్ కంపెనీలు స్వచ్ఛందంగా పాటిస్తాయి. యూరప్‌లో సీఐపీ, 1914లో మొదలై బెల్జియం నుంచి నడుస్తోంది, సభ్య దేశాల్లో అది చట్టం, ప్రతి గన్‌నీ మామూలు పైగీత కంటే ఎక్కువ ప్రెషర్ రౌండ్‌తో పరీక్షించి ముద్ర కొట్టాకే అమ్మాలి. హ్యాండ్‌గన్‌లకి ఆ పరీక్ష రౌండ్ పైగీత కన్నా 30 శాతం ఎక్కువ. దీన్ని చూసి "అయితే 30 శాతం దాకా మార్జిన్ ఉంది" అనుకునే తెలివైనోళ్లు ఉంటారు, ఆ పరీక్ష ఒకటో రెండో రౌండ్లకి, రోజూ వాడటానికి కాదు బాబూ.

రెండు సంస్థల అంకెలూ కలవకపోతే కంగారు పడకండి. ఏసీపీకి సామీ 20,500 పీఎస్ఐ అంటుంది, సీఐపీ 1,600 బార్ అంటుంది, ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ కాబట్టి అది 23,200 అవుతుంది. యూరప్ రౌండ్ ఎక్కువ ఘాటుది అని కాదు దీనర్థం. కొలిచే సెన్సర్ ఎక్కడ పెట్టారు, ఎలా పెట్టారు అన్న తేడా కూడా అందులో కలిసి ఉంటుంది. ఇంకా పాత పుస్తకాల్లో సీయూపీ అని కనిపిస్తుంది, అప్పట్లో రాగి ముక్క ఎంత నలిగిందో చూసి ప్రెషర్ చెప్పేవాళ్లు, ఇప్పుడు పీజో సెన్సర్ (ఒత్తిడిని కరెంట్ సిగ్నల్‌గా మార్చేది) వాడుతున్నారు. సీయూపీని పీఎస్ఐలోకి మార్చే ఒక్క ఫార్ములా లేదు, ఎవరైనా యాప్ పెట్టి మార్చి చూపిస్తే నమ్మకండి.

ఇప్పుడు కొన్ని పైగీతలు పక్కపక్కన పెట్టి చూద్దాం, అన్నీ సామీవి. .32 లాంగ్ 15,000. .38 స్పెషల్ 17,000. .32 ఏసీపీ 20,500. .45 ఏసీపీ 21,000. .22 ఎల్ఆర్ 24,000. 9 ఎంఎం 35,000. మళ్లీ చదవండి. పిల్లలు టార్గెట్ కొట్టే .22, భారీ .45 కంటే ఎక్కువ ప్రెషర్‌లో నడుస్తోంది. అంటే ప్రెషర్ ఎక్కువైతే దెబ్బ ఎక్కువ అనే మాట ఇక్కడితో చచ్చిపోయింది. ప్రెషర్ చెప్పేది గన్ గోడలు ఎంత గట్టిగా ఉండాలి అనే, ఎదురుగా ఏం జరుగుతుంది అని కాదు. చిన్న గుండ్రం మీద పెద్ద ప్రెషర్, పెద్ద గుండ్రం మీద చిన్న ప్రెషర్, బుల్లెట్ మీద పడే తోపుడు దాని అడుగు వైశాల్యం మీద కూడా ఆధారపడుతుంది కదా.

ప్లస్ పీ అని రాసిన డబ్బాలు సినిమాల్లోనో యూట్యూబ్‌లోనో చూసుంటారు. అంటే మామూలు పైగీత కంటే కొంచెం ఎక్కువ అని ఒప్పుకున్న రౌండ్. 9 ఎంఎంకి 38,500, .38 స్పెషల్‌కి 20,000, .45కి 23,000. అది కూడా గన్ తయారీదారు ఈ గన్‌లో ప్లస్ పీ వాడొచ్చు అని రాస్తేనే వాడాలి. ప్లస్ పీ ప్లస్ అని ఇంకోటి కనిపిస్తుంది, దానికి సామీ పైగీత అంటూ ఏదీ లేదు, కంపెనీ చెప్పిందే వేదం. మన .32 లాంగ్‌కీ ఏసీపీకీ సామీ ప్లస్ పీ స్టాండర్డ్ పెట్టలేదు, కాబట్టి ఎవరైనా ".32 ప్లస్ పీ ఉంది, స్పెషల్‌గా తెప్పించా" అంటే అది ఏ లెక్కన ప్లస్సో ముందు అడగండి.

స్టెప్ 6: మీ గన్ వయసూ మన ఊరి ఎండా లెక్కలోకి తీసుకోండి

స్టాండర్డ్ కొత్త, బాగున్న గన్ కోసం రాసింది. సిలిండర్ ఊగుతోందా, దాని ప్రతి గదీ సరిగ్గా బ్యారెల్ ఎదురుగా ఆగుతోందా, బ్యారెల్ లోపల గుంటలు పడ్డాయా, ఇవి ఏడాదికోసారైనా గన్‌స్మిత్‌తో చూపించుకోవాలి. చిలికా గాలి, గోపాల్‌పూర్ ఉప్పు గాలి తగిలే ఇళ్లలో తుప్పు ఎంత తొందరగా పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. గన్‌ని తోలు కవర్‌లోనే పెట్టి నెలల తరబడి బీరువాలో వదిలేయకండి, తోలు తేమ పట్టి ఇనుముని తినేస్తుంది.

రౌండ్ల సంగతి కూడా అంతే. పౌడర్ వేడెక్కితే చాలా రకాల్లో ప్రెషర్ కొంచెం పైకి పోతుంది, వేగం కూడా. మే నెలలో కారు డ్యాష్‌బోర్డ్‌లో పడేసిన రౌండ్లూ కోరాపుట్ చలిలో బీరువాలో ఉన్న రౌండ్లూ ఒకేలా ప్రవర్తించవు. ఎండలో కారులో పెట్టడం అసలు చేయకండి, దొంగల భయం ఒకవైపు, పౌడర్ పాడవడం ఇంకోవైపు. చల్లగా పొడిగా తాళం వేసిన చోట, గన్ ఒకచోట రౌండ్లు ఇంకోచోట. పచ్చగా చిలుం పట్టిన కేసు, పగులు ఉన్న కేసు, లోపలికి నొక్కుకుపోయిన బుల్లెట్ కనిపిస్తే ఆ రౌండ్ వాడొద్దు. బుల్లెట్ లోపలికి నొక్కుకుపోతే పౌడర్ చుట్టూ జాగా తగ్గి ప్రెషర్ ఎగిరిపోతుంది, చిన్న విషయంలా ఉంటుంది గానీ పిస్టల్ రౌండ్లలో ఇది చాలా లెక్కలోకొస్తుంది. ఒకే రౌండ్‌ని రోజూ చాంబర్‌లోకి ఎక్కించి దించి ఎక్కించి దించి చేస్తే ఇలా అవుతుంది. అలాంటివి చెత్తబుట్టలో వేయకండి, అమ్మిన డీలర్‌నో పోలీస్ స్టేషన్‌నో అడగండి, లెక్క మీ లైసెన్స్‌లో ఉంటుంది కాబట్టి.

స్టెప్ 7: మీ గన్ అసలు వేగం రేంజ్‌లో కొలిపించండి

దీనికి క్రోనోగ్రాఫ్ అనే మిషన్ ఉంటుంది, రెండు లైట్ సెన్సర్ల మధ్య బుల్లెట్ దాటే టైమ్ కొలుస్తుంది, కొత్తవి రాడార్‌తో కొలుస్తాయి. రైఫిల్ క్లబ్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తీసుకోండి, పొలంలోనో తోటలోనో పెట్టి కాల్చడం చట్టరీత్యా కుదరదు. ఇచ్ఛాపురం దాటి ఆంధ్రా వైపు రేంజ్‌కి పోవాలనుకుంటే గన్ కదిపే ముందు లైసెన్స్‌లో ఏరియా వాలిడిటీ ఏం రాసుందో చూడండి, ఒడిశా వరకే అని ఉంటే బోర్డర్ దాటకూడదు. అనుమానం ఉంటే గంజాం వాళ్లకి ఛత్రపురం కలెక్టరాఫీసు ఆర్మ్స్ సెక్షన్‌లో అడిగితే తేలిపోద్ది.

ఒక్క రౌండ్ కొలిచి ఆగకండి, పది రౌండ్లయినా కాల్చి సగటు తీయండి, అతి ఎక్కువకీ అతి తక్కువకీ మధ్య తేడా కూడా రాసుకోండి. సగటు డబ్బా అంకె కంటే తక్కువ వస్తే బాధపడొద్దు, పొట్టి బ్యారెల్‌కి అది మామూలే. తేడా మరీ ఎక్కువ ఉంటే ఆ రౌండ్లు పాతవో, తేమ పట్టినవో అయుంటాయి. టార్గెట్ కొట్టేవాళ్లకి ఈ తేడా సగటు కంటే ముఖ్యం. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీల్లో చాలామంది .32 లాంగ్ వాడ్‌కట్టర్ వాడేది అందుకే, ముందు చదునుగా ఉండి కాగితానికి పంచ్ మిషన్‌లా గుండ్రటి బొక్క పెడుతుంది, వేగం తక్కువ, తన్నుడు తక్కువ, ఒకదాని వెనక ఒకటి ఒకేలా పోతాయి. ఎనర్జీ అంకె చూసి ఎంచుకునేవాడికి ఆ రౌండ్ అన్నిటికన్నా చివర కనిపిస్తుంది, మెడల్ కొట్టాలనుకునేవాడికి ముందు కనిపిస్తుంది.

స్టెప్ 8: ప్రెషర్ తక్కువైనా ప్రమాదమే

అందరూ ఎక్కువ ప్రెషర్ గురించే భయపడతారు. నిజానికి .32 లాంటి తక్కువ ప్రెషర్ రౌండ్లలో, అదీ తేమ తగిలిన పాత డబ్బాల్లో, రెండో వైపు నుంచి కూడా దెబ్బ పడుతుంది. టప్ మని చిన్న సౌండ్ వచ్చి, చేతికి తన్నుడు తెలియకపోతే అక్కడే ఆగిపోండి. ప్రైమర్ మాత్రమే పేలి బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు, రివాల్వర్ అయితే సగం సిలిండర్‌లో సగం బ్యారెల్‌లో ఆగి సిలిండర్ తిరగదు కూడా. దాని వెనక ఇంకో రౌండ్ కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగుల్తుంది. మూతి టార్గెట్ వైపే ఉంచి, గన్ ఖాళీ చేసి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో వెనక వైపు నుంచి చూడండి, మూతి వైపు నుంచి మాత్రం ఎప్పుడూ కాదు. అడ్డం ఉందంటే మీరే కమ్మీ పెట్టి పొడవకుండా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకుపోండి.

అసలు ఏ సౌండూ రాకపోతే, క్లిక్ అని మాత్రమే వస్తే, వెంటనే తెరవకండి. పౌడర్ ఆలస్యంగా అంటుకునే ఛాన్స్ ఉంటుంది. మూతి టార్గెట్ వైపు అలాగే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగండి. రివాల్వర్ అయితే ఆ టైమ్‌లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కి సిలిండర్ తిప్పకండి, ఎందుకంటే ఆలస్యంగా పేలే రౌండ్ అప్పుడు బ్యారెల్ ఎదురుగా ఉండదు, ఫ్రేమ్ ఎదురుగా ఉంటుంది. ఆ తర్వాత తెరిచి ఆ రౌండ్ విడిగా తీసి పెట్టి, రేంజ్ ఆఫీసర్ చేతికి ఇవ్వండి, డబ్బా మీద లాట్ నంబర్ కూడా రాసి ఇవ్వండి.